పరంజా కింద పులిహోర

"కార్డొకటే సూసి తీసుకోకే. కట్టినోడు దాని కిందే కూకుని అన్నం తింటాడో లేదో సూడు."

"సూత్తాలే. ముందు నువ్వీ ఇడ్లీ ముక్క మింగు."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవి. ఆసుపత్రి మంచం మీద అర ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు తక్కువైనట్టు మొహం పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. మొగుడూ పెళ్ళాలు ఆఖరి ఘడియల్లో ఏవేవో చెప్పుకుంటారని సినిమాల్లో చూశాను. మాకు రాసిపెట్టింది పరంజా, ఇడ్లీ.

ఇది నేను రాస్తున్నది కాదు, చెబుతున్నది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి అక్షరం నాకు ఒంటబట్టలేదు. మా తమ్ముడి కూతురు ఇక్కడ ఐర్లాండులో, అత్లోన్ యూనివర్సిటీలో చదువుతోంది, ఆదివారం పూట నా దగ్గర కూర్చుని రాస్తోంది. నేను 'కూకున్నాడు' అంటే తను 'కూర్చున్నాడు' అని దువ్వి రాస్తోంది. నన్ను ఎంతైనా దువ్వుకో, ఆయన మాటకి మాత్రం దువ్వెన పెట్టకు అన్నాను.

ఇక్కడి మన తెలుగు పిల్లలు వచ్చి, "ఆంటీ, మీ ఉద్యోగం సంగతులు కూడా చెప్పండి" అన్నారు. మీలో డాక్టర్లున్నారు. మందుల ఫ్యాక్టరీల్లో పెద్ద పనులు చేసేవాళ్ళున్నారు. రేపు మీరూ మనుషుల్ని పనిలోకి తీసుకునే కుర్చీలో కూర్చుంటారు. నేను కూర్చున్న ఆ కుర్చీ ఎలా ఊగిందో వింటే మీకు కాస్త నవ్వొస్తుంది, కాస్త పనికొస్తుంది.

మా ఆయన తాపీ మేస్త్రి. గోదావరి జిల్లాలో సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్ళతో పరంజాలు కట్టి గోడలు లేపిన వంశం. తరవాత గల్ఫు. అక్కడ ఒక ఐర్లాండు ఇంజనీరు ఈయన పూత పని చూసి ముచ్చటపడి ఇక్కడికి రప్పించాడు. కొన్నేళ్ళు ఒకరి కింద చేసి, తరవాత మా సొంత కంపెనీ పెట్టుకున్నాం. పాత ఇళ్ళ గోడలకి బయటినుంచి చలి ఆగే పలకలు బిగించి, పైన పూత పూసే పని. నేను ఆఫీసు. ఆఫీసంటే ఊరి బయట ఒక అద్దె షెడ్డు, ఒక కెటిల్, నేను. ఫోన్లు ఎత్తడం, సామాను తెప్పించడం, గాలిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడం, మధ్యాహ్నం అందరికీ అన్నం పెట్టడం నా పని. ఇక్కడ పనివాళ్ళు పెట్రోలు బంకులో చికెన్ రోల్ కొనుక్కుని, వ్యానులో కూర్చుని, అద్దాల మీద ఆవిరి పట్టేదాకా తింటారు. మా దగ్గర మాత్రం అన్నం. అది మా ఆయన పట్టుదల.

ఇంకో పట్టుదల కూడా ఉంది. వాళ్ళ తాత నాటినుంచి వాళ్ళింట్లో ఒక ఆచారం. పరంజా కట్టినవాడు మొదటిరోజు దాని కిందే కూర్చుని అన్నం తినాలి. వాడు తింటుంటే పైన ఇంకొకడు అటూ ఇటూ నడవాలి. ముళ్ళు గట్టిగా వేశానని నోటితో చెప్పడం కాదు, నెత్తి అడ్డం పెట్టి చెప్పాలన్నమాట. మా పెళ్ళైన కొత్తలో ఈయన అలా కూర్చుంటే నేనే వడ్డించేదాన్ని. పైన కర్ర కిర్రుమన్నప్పుడల్లా నా చేతిలో గరిటె వణికేది. ఈయన మాత్రం పప్పులో నెయ్యి పోయమనేవాడు.

ఇక్కడికొచ్చాక ఆ ముచ్చట లేదు. ఈ దేశంలో పరంజా కట్టాలంటే దానికి వేరే చదువు, వేరే పరీక్ష, వేరే కార్డు. ఈయనకి ఆ కార్డు లేదు. అందుకని బయటివాళ్ళని పిలిచి కట్టించేవాడు. వాళ్ళు కట్టి, డబ్బు తీసుకుని, వ్యాను తోలుకుని పోయేవాళ్ళు. "కింద కూకునే తీరికే లేదు ఈళ్ళకి" అని సణిగేవాడు. మన జట్టులోకే ఒక పరంజా మనిషిని తీసుకోవాలని ఆసుపత్రికి వెళ్ళేదాకా అదే పాట.

ఈయన పోయిన కొద్ది వారాలకే ఆ బయటివాళ్ళు కార్క్ ఊరి వైపు మందుల ప్లాంటులో పెద్ద పని దొరికిందని చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే, నది పక్కన ఒక పాత ఇళ్ళ వరస పని మా చేతిలో ఉంది. ఈయన మాట్లాడి ఒప్పుకున్న ఆఖరి పని. ఆ పని ఇచ్చినవాళ్ళ ఇంజనీరు మంచివాడే. టీ తాగాడు, పరామర్శించాడు, ఆ తరవాత అన్నాడు: "సోమవారం పొద్దున్నకి కార్డున్న పరంజా మనిషి మీ సొంత జట్టులో ఉండాలి మిస్సస్. లేకపోతే పని వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. నా పైన కూడా మనుషులున్నారు."

పని పోతే కంపెనీ పోయినట్టే. కంపెనీ పోతే మా తమ్ముడు పోయినట్టు. తమ్ముడంటే మా పిన్ని కొడుకు, మా ఆయన గల్ఫునుంచి వెంటబెట్టుకొచ్చిన మనిషి. వాడు ఈ దేశంలో ఉండే పర్మిట్ మా కంపెనీ మీదే ఉంది. అప్పుడే వాడు పెళ్ళాన్నీ కూతుర్నీ రప్పించుకోవడానికి కాగితాలు పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఫోను చూసుకుంటున్నాడు. ఆ కూతురే ఇప్పుడు ఇది రాస్తున్న పిల్ల. అప్పటికి అక్కడ బడిలో ఉంది. సోమవారం గనక చేజారితే ఈ పిల్ల ఇక్కడ ఉండేది కాదు. నవ్వకే, రాయి.

జట్టులో ఇంకొకాయన, ఈ ఊరి ముసలి ప్లాస్టరర్. మొదటినుంచీ మా ఆయనతోనే ఉన్నాడు. ఆయన నోరు విప్పితే వర్షం గురించి, లేకపోతే నా పచ్చళ్ళ గురించి. "పెద్ద ప్లాంట్లు నోరు తెరుచుకుని ఉంటే, పరంజావాళ్ళు నీ షెడ్డుకి ఎందుకొస్తారు మిస్సస్?" అన్నాడు.

"అన్నం పెడతానని చెప్పు" అన్నాను.

"అది మాత్రం నిజమే" అని పబ్బుల్లో చెప్పుకుంటూ పోయాడు. నేను తెలిసిన ప్రతివాళ్ళకీ ఫోన్లు చేశాను. వచ్చేనెల అన్నారు కొందరు. కార్డు ఉంది కానీ గడువు దాటిందన్నారు కొందరు. ఒకాయన ఎత్తంటే భయమన్నాడు. మరి ఈ పనిలోకి ఎందుకొచ్చావు నాయనా అంటే, "మా నాన్న ఇదే చేశాడు" అన్నాడు. ఊరినుంచి మా అన్న ఫోను చేసి, "అమ్మేసి వచ్చెయ్యే, ఎవరికోసం ఈ యాతన?" అన్నాడు. పప్పు మాడుతోందని పెట్టేశాను.

చివరికి శుక్రవారం ఇద్దరు తేలారు. ఒకాయన షానన్ విమానాశ్రయం దగ్గరివాడు, విమానాల షెడ్ల పనిలో చేసినవాడు. నిలువెత్తు మనిషి, మాటకి ముందు నవ్వు. రెండోది కార్క్ నుంచి వచ్చిన అమ్మాయి, పొట్టిగా, నవ్వితే పన్ను అరుగుతుందన్నట్టు ఉంది. పరంజా పనికి ఆడపిల్ల రావడం నేను అదే మొదటిసారి చూడటం. ఇద్దరి కార్డులూ మా ప్లాస్టరర్ చూసి, "గ్రాండ్, రెండూ నిఖార్సు" అన్నాడు.

"అయితే ఇద్దరూ షెడ్డు గోడకి చెరో చివర ఒక్కొక్కటి కట్టండి. కట్టాక భోజనం" అన్నాను.

వాళ్ళు ఇంగ్లీషులోనే మాట్లాడారు. నాకు వినబడిన విధంగా తెలుగులో చెబుతున్నాను.

షానన్ ఆయన చేతిలో గొట్టాలు పాట పాడాయి. ఒకటి లేపడం, క్లిప్పు వెయ్యడం, తిప్పడం, ఇంకొకటి. మధ్యలో నన్ను చూసి కన్నుగీటడం. కార్క్ అమ్మాయి ఇంకా నేలమీదే ఉంది. గొట్టం నిలబెట్టే చోట మట్టి తొక్కి చూస్తోంది, కింద చెక్క వేస్తోంది, తీస్తోంది, మళ్ళీ వేస్తోంది. మా ఆయన దాచుకున్న చెక్క పలకలు రెండు పక్కకి గిరాటేసి, "ఇవి చీలాయి. పొయ్యిలో పెట్టుకోండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పలకలకి ఆయన తన చేత్తో నూనె పెట్టాడు.

షానన్ ఆయన ముందే ముగించి, కింద పీట వేసుకుని కూర్చున్నాడు. నేను ఆచారం సంగతి చెబితే, "ఇదేనా పరీక్ష? ఇలాంటి పరీక్ష రోజూ పెట్టు మిస్సస్" అని హెల్మెట్ తీసి పక్కన పెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ రోజు పులిహోర, వడియాలు, పెరుగు. మా తమ్ముడు పైకెక్కి నడవడం మొదలెట్టాడు. షానన్ ఆయన చేత్తోనే తిన్నాడు. ఎవరూ చెప్పకుండానే మిరపకాయ పక్కకి తీసి పెట్టాడు. వేరుశనగ పలుకు పంటికింద పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు.

నా కడుపు నిండిపోయింది. చూశావా, నీ మాట ప్రకారమే మనిషి దొరికాడు అని పోయిన మనిషికి చెప్పుకున్నాను.

అప్పటికి కార్క్ అమ్మాయిది కూడా పూర్తయింది. నడిచే చెక్కలకి అంచున ఇంకో చెక్క నిలువుగా బిగించింది, దాని మీద వల కూడా కట్టింది. పరీక్షకి కట్టిన దానికి ఇంత సింగారం ఎందుకో అనుకుని, పళ్ళెం పట్టుకెళ్ళాను.

"కూర్చుని తిను. మా వాడు పైన నడుస్తాడు."

"కింద కూర్చోను మిస్సస్."

"ఏం? నువ్వు కట్టిందేగా?"

"పైన మనిషి ఉన్నంతసేపు కింద ఎవరూ ఉండకూడదు. నేనైనా, మీరైనా."

నాకు మొదటి మాట ఒక్కటే వినబడింది. తరవాతి మాట చెవుల దాకా వచ్చింది కానీ లోపలికి దిగలేదు. తను కట్టిన దాని కింద తనే కూర్చోదట! పళ్ళెం వెనక్కి తీసుకున్నాను.

"నీకు పని లేదమ్మా. దారి ఖర్చులు ఇస్తాను" అన్నాను.

"గ్రాండ్" అంది, సరే అన్నట్టు. కోపం లేదు, బాధ లేదు. స్పానర్లు తుడిచి సంచీలో వేసుకోవడం మొదలెట్టింది.

నేను షానన్ ఆయన దగ్గరికి వెళ్ళి రెండోసారి వడ్డించాను. "సోమవారం రా నాయనా" అన్నాను. పైనున్న తమ్ముడు అది విన్నాడు. వాడికి ఆ మాట పెళ్ళాం, కూతురు విమానం దిగినట్టే వినబడి ఉంటుంది.

"అక్కా! రాయిలాగుందే! సూడు!" అని అరిచి, పైన గెంతాడు. మామూలు గెంతు కాదు. జాతరలో అమ్మవారి గరగ కుండ నెత్తిన పెట్టుకున్నవాడిలా గెంతాడు.

పరంజా కదల్లేదు. కిర్రు అనలేదు. నిజంగానే రాయి. కానీ వాడి కోటు జేబులోంచి స్పానర్ జారింది. చెక్క మీద పడింది, దొర్లింది. అంచున అడ్డం చెక్క లేదు.

పళ్ళెం ఠంగుమని ఎగిరింది. పులిహోర గాల్లోకి లేచి షానన్ ఆయన జుట్టు మీద, మీసాల మీద, నా చున్నీ మీద వాన కురిసినట్టు కురిసింది. స్పానర్ ఆయన మోకాలికి పక్కన మట్టిలో నిలువుగా దిగబడింది. జానెడు ఇటు పడి ఉంటే ఆ ఉత్త నెత్తి మీద పడేది.

ఒక కరివేపాకు రెబ్బ ఆయన కనుబొమ్మ మీద వేలాడుతోంది.

మా ముసలి ప్లాస్టరర్ గొంతు సవరించుకున్నాడు. "పరంజా పాసయింది మిస్సస్. తప్పింది భోజనం."

అందరికంటే ముందు షానన్ ఆయనే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ హెల్మెట్ తీసుకోబోతే ఆయన చెయ్యి వణికింది. నేను చూశాను. అది మా పెళ్ళైన కొత్తలో నా గరిటె వణికిన వణుకే.

ఆ వణుకుతో పాటు నాకు కార్క్ అమ్మాయి చెప్పిన రెండో మాట అప్పుడు లోపలికి దిగింది. మా ఊళ్ళో పైన నడిచేవాడు గోచీ పెట్టుకుని, ఉత్త కాళ్ళతో, ఉత్త చేతులతో నడుస్తాడు. వాడి ఒంటిమీదినుంచి జారిపడటానికి చెమట తప్ప ఏముంది? అక్కడ భయమల్లా ముడి ఊడుతుందేమోనని. ఇక్కడ ముడి ఊడదు. ఇనుము. కానీ ఒక్కొక్కడి జేబులో ఒక ఇనుప కొట్టు ఉంటుంది. మా ఆయన ఆచారం ఆ ఊరికి సరిపోయింది. సముద్రాలు దాటించి, దాన్ని చలికోటు వేసుకున్నవాడి కింద కూర్చోబెట్టింది నేను.

గేటు దగ్గర వ్యాను స్టార్టయిన చప్పుడు. పరిగెత్తాను. ఒంటి మీద పులిహోరతో, చున్నీ ఒకవైపు ఈడుస్తూ. వ్యాను ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ఆమె అద్దం దించింది.

"నీ కట్టు మీద నీకు నమ్మకం లేదనుకున్నానమ్మా."

"నా కట్టు మీద నాకు బోలెడు నమ్మకం మిస్సస్. మీ తమ్ముడి జేబుల మీదే లేదు."

"ఆ ముక్క గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మీరు పళ్ళెం లాక్కున్నారు."

నిజమే. మా ఆయన ఆఖరి మాట సంగతి చెప్పాను, ఇడ్లీతో సహా. ఆ మాట దాటలేక ఇలా చేశానని చెప్పాను. ఆమె ఇంజన్ ఆపింది.

"ఆయన ఎన్నిటి కింద కూర్చుని తిన్నాడు?"

"కట్టిన ప్రతిదాని కిందా."

"మరి మీరెక్కడుండేవారు?"

"పక్కనే. వడ్డిస్తూ."

"అంటే ఇద్దరూ కిందే. అదృష్టవంతులు మిస్సస్" అంది. ఆ తరవాత, పన్ను అరిగినా ఫరవాలేదన్నట్టు కొంచెం నవ్వింది. "నేను రావాలంటే మూడు మాటలు. ఎక్కొచ్చని నేను పచ్చ చీటీ తగిలించేదాకా, నేను వెంట లేకుండా ఎవరూ ఎక్కకూడదు. కింద ఎవరూ తినకూడదు. చీలిన పలక ఎవరి జ్ఞాపకమైనా సరే, పొయ్యిలోకే."

మూడో మాట దగ్గర వెనక్కి తిరిగి, ఆయన నూనె పెట్టిన పలకల వైపు ఒకసారి చూశాను.

"ఒప్పుకున్నాను" అన్నాను.

"నాలుగోది కూడా ఉంది. ఆయన తిన్నది నాకూ కావాలి. నేలమీద పడనిది."

షానన్ ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు, మీసాలు దులుపుకుంటూ. "ఈమెనే తీసుకో మిస్సస్. అంచు చెక్క వెయ్యనివాడికి పులిహోరే శిక్ష" అన్నాడు. కార్క్ అమ్మాయి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "పరంజా ఒక్కరితో లేవదు. ఈయన చెయ్యి చురుకు. నా మాట వింటే రెండోవాడిగా రమ్మనండి" అంది. అలా ఒకరికోసం వెతికితే ఇద్దరు దొరికారు. మా ప్లాస్టరర్ ఆయన్ని ఆ రోజునుంచీ 'పులిహోర' అనే పిలుస్తాడు. అసలు పేరు ఇప్పుడు ఆయన పెళ్ళాం ఒక్కత్తే వాడుతుందనుకుంటాను.

ఇక సోమవారం. నది పక్కన ఇళ్ళ వరస ముందు పరంజా లేచింది. సన్నవాన, ఇక్కడ వానని వాన అనరు, 'మెత్తటి రోజు' అంటారు. ఇంజనీరు వచ్చి చుట్టూ తిరిగాడు, క్లిప్పులు పట్టుకుని లాగాడు, అంచు చెక్కల్ని బూటుతో తన్నాడు. అవి లేకపోతే ఆ పూటే పని ఆపించేవాడట. మా తమ్ముడు దూరంగా నిలబడి జేబులు రెండూ బయటికి లాగి, ఖాళీ అని చూపిస్తున్నాడు. ఎవరూ అడగలేదు, అయినా చూపిస్తున్నాడు.

"గ్రాండ్" అన్నాడు ఇంజనీరు. ఈ దేశంలో పెళ్ళికీ చావుకీ ఆ మాటే అంటారు. కానీ ఆ రోజు విన్నంత తియ్యగా మళ్ళీ ఎప్పుడూ వినబడలేదు.

ఇంజనీరు పక్కకి జరిగాక కార్క్ అమ్మాయి నా నెత్తిన హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, "రండి" అంది.

"నేనా? నేనెందుకు? నేను అన్నం పెట్టేదాన్ని."

"మీ మనుషుల్ని ఎక్కించబోతున్నారు. ముందు మీరు ఎక్కి చూడండి. కింద కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

ఇంతకాలం పరంజాల మధ్య బతికి నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆయన ఎక్కనివ్వలేదు, నాకూ అడగాలని తోచలేదు. పంజాబీ డ్రస్సు మీద పనివాళ్ళ పచ్చ కోటు వేసుకుని, నిచ్చెన మెట్టు మెట్టుకీ దేవుణ్ణి తిట్టుకుంటూ ఎక్కాను. ముందు ఆమె, వెనక నేను. పైన చెక్క మీద నిలబడితే షానన్ నది ఇంత వెడల్పుగా కనబడింది. పడవలు, చర్చి గంట గోపురం, మా షెడ్డు రేకులు కూడా కనబడ్డాయి. కాళ్ళ కింద చెక్క కదల్లేదు. నేను పైన, కింద ఎవరూ లేరు. అప్పుడు పచ్చ చీటీ నా చేతికిచ్చి తగిలించమంది.

తగిలించాను. తలకిందులుగా తగిలించానట. ఆమె సరిచేసింది.

నీ మాట దాటాను, ఏమనుకోకు అని ఆయనతో చెప్పుకున్నాను. కట్టిన మనిషిని కింద కూర్చోబెట్టి తిండి పెట్టలేదు. ముందు నేనే ఎక్కి చూసి, దిగొచ్చి, దూరంగా బల్ల వేసి, అందరికంటే ముందు ఆమెకే వడ్డించాను. అప్పటినుంచీ మా కంపెనీలో అదే ఆచారం. కట్టినవాళ్ళతో పాటు యజమాని ముందు ఎక్కాలి. దిగాక మొదటి పళ్ళెం కట్టినవాళ్ళది. నా మోకాళ్ళు మొండికేశాక కంపెనీ కార్క్ అమ్మాయికే అప్పజెప్పాను. ఇప్పుడు ముందు ఎక్కేది తనే. వంట మాత్రం తనకి రాదు. శుక్రవారం శుక్రవారం నా దగ్గర చేయించుకుని పట్టుకుపోతుంది.

పిల్లలూ, మీకు చెప్పేదల్లా ఒకటే. పనికొచ్చిన మనిషి "చెయ్యను" అంటే, పళ్ళెం వెనక్కి లాక్కునే ముందు ఎందుకో అడగండి. నేను అడగలేదు. స్పానర్ పడి చెప్పింది. మీకు అంత అదృష్టం ఉండకపోవచ్చు.

అత్తా, మా నాన్న గెంతిన ముక్క తీసెయ్యనా అని అడుగుతోంది ఈ పిల్ల. తియ్యకు. మీ నాన్న గెంతబట్టే నువ్విక్కడ కూర్చుని రాస్తున్నావు.

ఇంక చాలు అమ్మడూ, నీ వేలు నొప్పెడుతుంది. మొదటినుంచి చదివి వినిపించు. గబగబా చదవకు. ఆయన మాట దగ్గర కాస్త ఆగి, ఆయన అన్నట్టే అను. దువ్వావో లేదో వింటాను.